సూత్రగ్రాహి చేతి నూలు

సభాసంచికలకు వ్యాసములు పంపువారు తఱచుగా మన ప్రాచీనతను గూర్చియే వ్రాయుదురు. విశ్వకర్మతో నారంభించి, మను మయ త్వష్టృ శిల్పి విశ్వజ్ఞులను ముట్టి, శాసనములమీదుగా నేటి సభామందిరమువఱకు వచ్చుట పరిపాటియైనది. ఆ త్రోవ బాగుగా నలిగినది. నేనీ పర్యాయము మయశాఖవారి పనిముట్ల పెట్టెలో నన్నిటికంటె చవుకైన వస్తువును గూర్చి వ్రాయ దలచితిని. అది నూలు, మ్రానుమీద గీత వేయుటకై వడ్రంగి చాచి కొట్టెడి నూలు. బాడిశకు పదునున్నది, ఱంపమునకు పండ్లున్నవి, ఉలికి వాదరయున్నది. దీనికేమున్నది? కొన్ని బారల దారము, గుప్పెడు సుద్ద. అంగడిలో దీనిని బేరమాడువారును లేరు, పోయినచో వెదకువారును లేరు.

అయినను శాస్త్రములు మన వృత్తికిచ్చిన గౌరవనామములలో మేలైనది బాడిశను బట్టి వచ్చినది కాదు, ఱంపమును బట్టి వచ్చినదియు గాదు. ఈ దారమును బట్టి వచ్చినది. 1919వ సంవత్సరమున తిరువనంతపురమందు గణపతిశాస్త్రిగారు ముద్రింపించిన మయమతమును జూడుడు. అందు శిల్పులు నాలుగు తెఱగులవారుగా జెప్పబడినారు: స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు. తక్షకుడు మ్రానును చెక్కువాడు. చెక్కినదానిని కూర్చి నిలుపువాడు వర్ధకి. మన వడ్రంగి శబ్దము దీనినుండియే పుట్టెనని పండితులు చెప్పుదురు. ఈ యిరువురికి మీద నున్నవాడు సూత్రగ్రాహి, అనగా నూలు పట్టువాడు. అతనికంటె నెక్కువవాడు స్థపతి యొక్కడే. అమరకోశము వడ్రంగికిచ్చిన తక్ష, వర్ధకి, త్వష్ట, రథకార శబ్దములన్నియు చేసెడి పనిని దెలుపునవి. సూత్రగ్రాహి యను పేరొక్కటి మాత్రము పనికి ముందుండవలసిన నిర్ణయమును దెలుపును. ఎచ్చట కోయవలయునో యేర్పఱచినవాడు కోసినవానికంటె పెద్దవాడని శాస్త్రకారుని తాత్పర్యము.

ఆ గ్రంథమే మఱియొక మాట చెప్పుచున్నది. సూత్రగ్రాహి స్థపతికి కుమారుడైనను కావలెను, శిష్యుడైనను కావలెను. ఈ మాటను చదువరులు మనసున నుంచుకొందురుగాక; దీనితో ముందు పనిగలదు.

మహాభారతమున ఆదిపర్వమందు జనమేజయుని సర్పయాగఘట్టమున నొక చిన్న పాత్ర కలదు. యజ్ఞశాలకై భూమిని కొలుచుచుండగా వాస్తువిద్యావిశారదుడగు స్థపతి, సూత్రధారుడు, ఈ కొలత ప్రారంభమైన దేశమును కాలమును చూడగా ఒక బ్రాహ్మణుడు కారణముగా యాగము సమాప్తి కాదని రాజుతో ననెను. తరువాత ఆస్తీకుడు వచ్చెను, యాగము నిలిచెను. ఋత్విక్కులు చెప్పనిదానిని నూలు పట్టినవాడు చెప్పెను. ఇది జోస్యమని కొందఱందురు గాని, పునాదియొద్దనే పని తుదను కనిపెట్టుట మన పెద్దమేస్త్రులకు నేటికిని అలవాటే కదా.

త్రాడుతో కొలుచుట యజ్ఞవేదికలనుండియే మనకు తెలియుచున్నది. శుల్బసూత్రములలో శుల్బమనగా త్రాడు. బౌధాయన ఆపస్తంబ కాత్యాయన మానవ శుల్బములన్నియు త్రాటి గణితములే. మహావేది వేయుటకు ఆపస్తంబుడు చెప్పిన యుపాయము మన వడ్రంగులు మెచ్చదగినది. తూర్పుపడమరల 36 పదముల దూరమున రెండు మేకులు పాతవలయును. 36కు 18 చేర్చి 54 పదముల త్రాడు తీసికొని, పడమటి కొననుండి 15 పదములయొద్ద గుఱుతుపెట్టి, కొనలు రెండును మేకులకు దగిలించి, గుఱుతును పట్టి దక్షిణమునకు లాగవలయును. అప్పుడు త్రాడు ఒకవైపు 15, ఇంకొకవైపు 39 పదములై నిలుచును. 15, 36, 39 భుజములుగా గల త్రికోణమున పడమటి మేకుయొద్ద మూల సరిగా మట్టమునకు వచ్చును. మూలమట్టము లేదు, కంబి లేదు, త్రాడొక్కటే. నేడు ఇల్లు గట్టు మేస్త్రి మూడు, నాలుగు, అయిదు అడుగుల లెక్కతో మూల సరిచూచుకొనుచున్నాడు. లెక్క చిన్నది, సూత్రమదియే.

ఇక మన విషయమునకు మిక్కిలి దగ్గఱగా వచ్చునది మండనసూత్రధారుని రాజవల్లభము. మండనుడు మేవాడమున 1433 మొదలు 1468 వఱకు రాజ్యమేలిన కుంభరాణాకాలమువాడు. తన పేరితోడనే సూత్రధారశబ్దమును ధరించినవాడు. ఆయన శిల్పికి ఎనిమిది సూత్రములుండవలెనని చెప్పుచు వరుసగా దృష్టిని, హస్తమును, ముంజగడ్డి త్రాటిని, ప్రత్తినూలును, అవలంబమును అనగా తూకపుగుండును, కాష్ఠమును అనగా మూలమట్టమును, సృష్టియను సాధనిని, విలేఖ్యమును అనగా గీతగీయు కైవారమును పేర్కొనెను. ఇచ్చట నాకు ఆశ్చర్యము గలిగించునది రెండు సంగతులు. మొదటిది, సూత్రములలో నెల్ల మొదటిది కన్ను. నూలు కొట్టకముందే కన్ను నూలు కొట్టవలయునని యర్థము. రెండవది, త్రాళ్లు రెండు వేఱువేఱుగా లెక్కించుట. ముంజత్రాడొకటి, ప్రత్తినూలొకటి. ఒకదానితో జరుగు పని ఇంకొకదానితో జరుగదని యెఱిగినవాడే ఇట్లు వ్రాయగలడు. నేల కొలుచుటకు మొరటుది, మ్రానుమీదికి సన్ననిది. ఏ పనికే నూలు తగునను ప్రశ్న మనకు క్రొత్తగా పుట్టినది కాదు. అయిదువందల యేండ్లకు పూర్వమే సూత్రధారుడొకడు దానికి సమాధానము చెప్పి పోయెను.

అంతకు మిక్కిలి పూర్వమున భరతుడు నాట్యశాస్త్రమందు రంగశాలకు నేల కొలుచు ఘట్టమున పుష్యనక్షత్రమున తెల్లని నూలు చాపవలెనని విధించి, ఆ నూలు ప్రత్తిదైనను, బల్బజమను గడ్డిదైనను, ముంజదైనను, నారదైనను కావచ్చునుగాని తెగనిది కావలెననెను. సగమునకు తెగినచో స్వామికి మరణము, మూడవ పాలున తెగినచో రాష్ట్రకోపము, నాలుగవ పాలున తెగినచో ప్రయోక్తకు నాశము, చేతినుండి జాఱినచో ఏదో యొక నష్టము. వరాహమిహిరుడును బృహత్సంహితయందు గృహారంభమున సూత్రము తెగుట మరణసూచకమని చెప్పెను. ఈ ఫలములను నమ్మువారు నమ్మవచ్చును. నాకు దోచినది వేఱు. తెగిన నూలును ముడివేసి కొలిచినచో ముడిలో కొలత పోవును. బిగువు తగ్గిన నూలు వంకరగీత వేయును. జాఱిన నూలు రెండు గీతలు వేయును. అట్టి కొలతపై లేచిన కట్టడము కూలినచో మరణమునకు జోస్యముతో పనిలేదు. పని మొదలుపెట్టునాడు పాతనూలు తేవలదని యజమానిని పనివానిని ఒక్కమాఱే హెచ్చరించుటకు ఇంతకంటె గట్టిమార్గము ఆ కాలమువారికి దొరకలేదు కాబోలు.

ఇక రంగుసంగతి. ఇంతవఱకు చెప్పినది నేలమీది త్రాడు. మ్రానుమీద గుఱుతు నిలుపవలెనన్నచో నూలునకు రంగు పట్టవలెను. దీనికి మన దేశమున దొరకెడి మంచి సాక్ష్యములు పాలిగ్రంథములలో నున్నవి. వడ్రంగి నూలునకు పాలిభాషలో కాళసుత్తమని పేరు, అనగా నల్లనూలు. యవనరాజగు మిళిందునకును నాగసేనభిక్షువునకును జరిగిన సంవాదముగా నున్న మిళిందపఞ్హమున, వడ్రంగి నల్లనూలు గీతననుసరించి మ్రాను చెక్కునట్లు భిక్షువు ధర్మమునకు లోబడి నడువవలెనని యుపమానము కలదు. ఉపమానము చెప్పువాడు వినువారందఱు ఎఱిగినదానినే చెప్పును. కాబట్టి ఇంచుమించు రెండువేల యేండ్లకు పూర్వమే వడ్రంగి నల్లనూలు కొట్టుట వీథిలో ప్రతివాడు చూచినదన్నమాట. ఈ నూలు నరకమునకు సయితము పేరిచ్చినది. కాలసూత్రనరకమున యమకింకరులు పాపుల దేహములమీద నల్లనూలు కొట్టి ఆ గీతవెంబడి కోయుదురని బౌద్ధులు వర్ణించిరి. మనువును ఆ నరకమును పేర్కొనెను. మన వృత్తికిది కీర్తియో అపకీర్తియో చెప్పజాలను గాని, యమకింకరులును గీత లేనిదే కోయరని మాత్రము తేలుచున్నది.

జాతకకథలలో వడ్ఢకిసూకరజాతకమని యొకటి యున్నది. కాశీపట్టణమున కనతిదూరమున నొక వడ్రంగుల యూరు. వడ్రంగి యొకడు గోతిలోబడిన పందిపిల్లను తెచ్చి పెంచెను. అది పెరిగి మూతితో మ్రానులను దొర్లించును, బాడిశ ఉలి కొడవటి నోట గఱచి తెచ్చును, నల్లనూలు కోఱకు చుట్టుకొని లాగి పట్టును. తరువాతి కథలో నా పంది అడవికిబోయి తన జాతిని కూడగట్టి పులిని చంపించినది. కథకుడు పందిచే చేయించిన పనులలో నూలుకొన పట్టుట యుండుట గమనింపదగినది. అది వడ్రంగియింట పెరుగు పిల్లవాడు మొట్టమొదట చేయు పని.

ఇతర దేశములందును ఈ సాధనము మిక్కిలి పాతది. ఐగుప్తమున సమాధిగృహముల గోడలపై చిత్రకారులు బొమ్మలకు గళ్లు వేయుటకై జేగురునీట ముంచి కొట్టిన నూలుగీతలు నేటికిని కనబడుచున్నవి. దేవాలయారంభమున రాజు త్రాడు చాచుట వారికొక ఉత్సవము. యవనుల ఆదికవి హోమరు తన యొడిస్సీకావ్యమున నాయకునిచేత తెప్ప కట్టించుచు, మ్రానులను నూలునకు సరిచేసెనని చెప్పించెను. చీనా జపాను దేశములవారు మాత్రము మనకంటె నొక యడుగు ముందు వేసిరి. వారి వడ్రంగి చేత సిరాబుడ్డి యుండును: ఒక కొసను సిరాలో తడిసిన పట్టుదూది, ఇంకొక కొసను చిన్న చక్రము. చక్రమునుండి విడిన నూలు దూదిగుండ నడచి సిరా పట్టుకొని బయటికి వచ్చును. దాని కొనను సూదిగల చిన్న కొయ్యముక్క కట్టియుండును. ఆ సూదిని మ్రానున గ్రుచ్చి, ఇవతలికొన పట్టి కొట్టుదురు. జపానులో నారానగరమున తోదైజీ ఆలయపు దక్షిణమహాద్వారమును 1879లో బాగుచేయునపుడు పూర్వ మెవ్వరో వడ్రంగి పైకప్పులో మఱచిపోయిన సిరాబుడ్డి దొరకినది, దానిని భద్రపఱచినారు. ఒక వడ్రంగి మఱపు ఒక జాతికి నిధియైనది!

మన దేశపు వడ్రంగికి బుడ్డి లేదు. మసినీటనో జేగురునీటనో నూలు ముంచి కొట్టుట యొక పద్ధతి. పొడినూలును చాచి సుద్దముక్కతో రాచి కొట్టుట రెండవ పద్ధతి. ఈ రెండును ఏకమని తలచువారు వృత్తి యెఱుగనివారు. అడవినుండి వచ్చిన పచ్చిదుంగమీద సుద్దపొడి నిలువదు. తడి దానిని మ్రింగును. అచ్చట మసినీటి నూలే శరణ్యము. ఎండిన టేకు పలకమీద మసినీరు కొట్టినచో ఆ తడి నారలోనికి ప్రాకి గీత వెడల్పగును. అచ్చట పొడియే మేలు. టేకు, వేప, మామిడి వంటి లేతవన్నె మ్రానులమీద నల్లనిదిగాని నీలపుది గాని కనబడును. జిట్రేగు, నల్లమద్ది మొదలగు నల్లవన్నె మ్రానులమీద తెల్లసుద్ద కనబడినట్లు మఱేదియు కనబడదు. జేగురు ఇనుపతుప్పు జాతిది. వానకు పోదు, చేతితో తుడిచినను పోదు. బయట పడియుండెడి దుంగలకు అది గుణము. లోపల తలుపుచెక్కకు అదియే దోషము.

ఈ తుదిమాటకొక నిదర్శనము. నేనెఱిగిన యొక యింట టేకుతలుపుల జతకు పనివాడు అంగడిలో దొరకిన ఎఱ్ఱపొడితో నూలు కొట్టెను. చిత్రిక పట్టిన పిమ్మట కొట్టిన గీతలవి. కొలతలో తప్పు లేదు, కూర్పులో తప్పు లేదు. వార్నీసు వేసిన తరువాత నారలో నిలిచిన ఎఱ్ఱగీతలు చక్కగా మెఱసినవి. యజమాని కూలిలో కొంత తగ్గించెను. పనివాడు పొడి యమ్మినవానిని తిట్టెను. పొడి యమ్మినవాడు అది ఏ పనికో చెప్పలేదు, కొన్నవాడు అడుగలేదు. పూర్వము ఈ సంగతి తండ్రి కుమారునకు చెప్పెడివాడు. నేడు డబ్బామీద వ్రాసియుండును, చదువువారు లేరు. ఈ సభకు విచ్చేసిన పోషకులకొక మనవి: తలుపులు చేయించునపుడు పనివాని నూలునకేమి పొడి పట్టించుచున్నాడో యొకమాఱు చూడుడు. అది కూలి తగ్గించుటకంటె సుఖమైన పని.

ఇప్పుడు అంగళ్లలో దొరకునది చక్రపు డబ్బా. లోహముతోనో ప్లాస్టికుతోనో చేయబడి, కడుపులో పొడి నింపుకొని, నూలును చుట్టుకొని, కొనను కొక్కెము గలిగియుండును. జపానువారి సిరాబుడ్డికిది పొడిరూపమని చెప్పవచ్చును. దీనిని నిందించుట నా యుద్దేశము గాదు. నూలు చిక్కుపడదు, పొడి సమముగా పట్టును, చుట్టుట త్వరగా జరుగును; పిడి యొకమాఱు త్రిప్పినచో చక్రము మూడుమాఱులు తిరుగునట్లు పండ్లచక్రములు గూర్చినవియు గలవు. కాని కొనువాడు డబ్బా నిగనిగను చూచి కొనుచున్నాడు; చూడవలసినది లోపలి నూలు. లావునూలు లావుగీత వేయును. ఆ గీతకు ఏ యంచున ఱంపము నడువవలెనో తెలియక తలుపు రెండువైపులను సన్నగిల్లును. దుంగలకు లావుది, ద్వారబంధములకు తలుపులకు సన్ననిది, అని రెండుంచుకొనుట మండనుని మతము. నా మతమును నదియే. నైలానునూలు కుళ్లదు నిజమే, కాని నున్ననిదగుటచే పొడిని తక్కువగా పట్టును, సాగుటచే కొట్టినపుడు రెండుమాఱులెగిరి గీతను చెదరగొట్టును. ప్రత్తినూలు పొడిని చక్కగా పట్టును. అయితే తడిసినచో కుంచించుకొనును, నానిన చోట కుళ్లును. అల్లిన పాలియెస్టరునూలు ఈ రెంటికి నడుమ నున్నది. సాగదు, కుళ్లదు, అల్లికసందులలో పొడి నిలుచును. వానకాలమున డబ్బాలో పొడి గడ్డకట్టును గనుక నిండుగా నింపక సగమునకు నింపుట మంచిది. నూలు క్రొత్తగా లాగినపుడు గాలిలో నొకమాఱు మీటినచో పైపొడి రాలి గీత సన్నగా పడును. డబ్బాను తూకపుగుండుగా వ్రేలాడదీయవచ్చునని కొన్నిటికి మొన చేసి యమ్ముచున్నారు. అవలంబమును ప్రత్యేకసూత్రముగా లెక్కించిన మండనుడు దీనికి నవ్వియుండును.

నూలెంత మంచిదైనను కొట్టుటలో నున్నది నేర్పు. చాచిన నూలును పట్టి పలకకు నిట్టనిలువుగా నెత్తి విడువవలెను. వ్రేళ్లు ఏ కొంచెము ప్రక్కకు వాలినను గీత విల్లువలె వంగును. చూచుటకు తిన్నగనే యుండును, తలుపు బిగించునాడు బయటపడును. నేలమీద, దుంగమీద నూలు నడుమ వ్రేలాడినను చిక్కులేదు, ఏలయనగా ఆ వ్రేలాట క్రిందికే గాని ప్రక్కకు గాదు. గోడమీద అడ్డముగా గీత వేయునపుడు ఆ వ్రేలాటయే గీతయై పడును. కావున పొడుగుగోడమీద నడుమ నొక చోట మట్టము సరిచూచి నూలును బొటనవ్రేలితో నదిమి, ఇరువైపుల వేఱువేఱుగా కొట్టుట పెద్దల సంప్రదాయము. గోడలకు ఈ నడుమ వెలుగుగీత వేయు లేజరుయంత్రములు వచ్చినవి. మట్టమునకవి సాటిలేనివి, నేనును మెచ్చుదును. కాని యంత్రము తీసినతోడనే గీతయును పోవును. ఱంపము నడుచుటకు వెలుగు చాలదు, గుఱుతు కావలెను.

దుంగకోతలో నూలుపని ఇంకను సూక్ష్మమైనది. ఱంపపుగోతియొద్ద ఇద్దఱు కోతగాండ్రు, పైన నొకడు, క్రింద నొకడు. పైవాడు గీతను చూచి నడుపును, క్రిందివాడు పొట్టు కండ్లబడుచుండ లాగును. దుంగ రెండు కొనలయందును తూకపుగుండు వ్రేలాడదీసి నిలువుగీతలు గీసి, ఆ నిలువుల శిరస్సులను కలుపుచు పైన నొక నూలు, పాదములను కలుపుచు క్రింద నొక నూలు కొట్టవలయును. అట్లు చేయక పైనూలు నొక్కదానిని నమ్మినచో పలక పైన తిన్నగను క్రింద మెలికగను దిగును. కోతపని పురాతన రాజ్యములందు ప్రత్యేకవృత్తిగా నెన్నబడినది. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున కొలతలు చెప్పుచు, మామూలు హస్తము 24 అంగుళములు కాగా, ఱంపపుపని చేయు తక్షకునకు 42 అంగుళముల కిష్కువును, అడవికలపకు 54 అంగుళముల హస్తమును వేఱుగా నేర్పఱచినారు. స్కంధావారములకు, దుర్గములకు, రాజభవనములకు ఆ 42 అంగుళముల కొలతయే. త్రాడుకొలతయు గ్రంథమునకొక తీరుగా నున్నది: కౌటిల్యునకు రజ్జువనగా పది దండములు, మయమతమునకు ఎనిమిది. కాబట్టి ఊరుమారిన పనివాడు మొట్టమొదట అడుగవలసినది ‘మీ త్రాడెంత?’ అని. నూలు కొలతకు పేరగుట నేటికిని పోలేదు. అంగుళములో ఎనిమిదవ పాలునకు హిందీ పనివాండ్రు సూత్ అనియు, తమిళులు నూల్ అనియు అందురు. రెంటికిని దారమనియే యర్థము.

ఇక మొదట చెప్పి విడిచిన మాట. సూత్రగ్రాహి స్థపతికి కుమారుడో శిష్యుడో కావలెనని మయమతము ఏల చెప్పినది? వంశగౌరవమునకని మనవారిలో కొందఱు వ్యాఖ్యానించుచున్నారు. నూలు స్వభావము తెలిసినవారికి వేఱు కారణము కనబడును. నూలునకు రెండు కొనలు. ఒక కొన పట్టుటకు పెద్దవాడున్నాడు. రెండవ కొన పట్టుటకింకొకడు కావలెను. ఆ రెండవవాడు ఎనిమిదేండ్ల బాలుడైనను చాలును, జాతకములోని పందియైనను చాలినది. ఆ బాలుడు కొన పట్టి నిలుచుండి ఏమి చూచును? తండ్రి దుంగను ఎట్లు దొర్లించి చూచెనో, ముడిని ఎట్లు తప్పించెనో, నార యెటు పోవుచున్నదో, ఎందుకు రెండంగుళములు ప్రక్కకు జరిపి కొట్టెనో యన్నియు చూచును. ‘ఇటేల జరిపితివి నాయనా?’ యని యడుగును. ఒక దినమున ఇరువది నూళ్లు కొట్టినచో ఇరువదిమాఱులడుగును. మన వృత్తికి పాఠశాల యనునది ఏదైన నుండినచో అది ఈ నూలు పొడుగున నుండినది.

చక్రపు డబ్బా కొనను కొక్కెము కట్టినపుడు తప్పినది ఆ బాలుని పని. ఒంటరిపనివానికి కొక్కెము మహోపకారి. పిల్లలు బడికి పోవుచున్నారు, పోవలసినదే. నూలు పట్టించుటకై చదువు మాన్పింపుమనువాడు కులశత్రువు. కాని కొక్కెము ప్రశ్న లడుగదు. కర్మాగారములలో తలుపులు అచ్చుపోసినట్లు వచ్చుచున్న ఈ దినములలో మనవానికి మిగిలిన పని ముడిగల మ్రాను, మెలికగల మ్రాను, పాతయింటి వంకరగోడకు సరిపడు ద్వారబంధము, దేవునిరథపు దూలము. అనగా యంత్రము నిర్ణయింపజాలనిది. ఆ నిర్ణయమే సూత్రగ్రాహి పని. దానిని డబ్బాతోబాటు అంగడిలో నమ్మరు. కావున సెలవుదినములందు పిల్లవాడు పనియొద్దకు వచ్చినచో వానికి గరుకుకాగితమిచ్చి మూలను కూర్చుండబెట్టుట కంటె, డబ్బాలోని కొక్కెమును విప్పి నూలుకొన వానిచేతికిచ్చుట నాకు మేలుగా దోచుచున్నది. సభవారు పరీక్షలు పెట్టి బహుమానములిచ్చునపుడును చేసిన పీటను మాత్రమే గాక, పీటకు ముందు కొట్టిన నూలును చూడవలసినది.

అట్టి పరీక్ష సులభము. పలకపై రెండు గుఱుతులు పెట్టి, పిల్లవానిచేత నొక నూలు కొట్టింపవలెను. తరువాత కొనలు పట్టినవారు చోట్లు మార్చుకొని, నూలెత్తువాడు పలకకు రెండవప్రక్కకు వచ్చి, అవే గుఱుతులమీద మరల కొట్టవలెను. చెయ్యి ప్రక్కకు వాలుట పనివానికి సహజముగా నొకవైపే యుండును గనుక, వాలినచో రెండవ గీత మొదటిదానికి ఎదురువైపున వంగి, నడుమ రెంటికి సందు కనబడును. పది అడుగుల పలకమీద రెండు గీతలు నొకటియై పడినచో చెయ్యి నిలిచినది. ఇరువది అడుగులు దాటిన దూలముమీద మాత్రము ఇద్దఱు చాలరు. కొనలకు చెఱియొకరు, నడుమ నూలునదిమి ఇరుప్రక్కల కొట్టుట కింకొకరు, మొత్తము మువ్వురు కావలయును.